ఓవర్‌కొకడు ఔటైనా

మిరప కళ్లంలో కూర్చున్నారు మీరు. వినగడప ఊరి బయట, కట్టలేరు వైపు పోయే డొంక పక్కన. రాగానే తుమ్ములు పట్టుకుంటాయి, కంగారు పడకండి, పావుగంటలో ముక్కే సర్దుకుంటుంది. ఎండబోసిన కాయకి రాత్రి చెమ్మ తగలకుండా టార్పాలిన్ పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టారు. పగలంతా ఆడవాళ్లు ఏరిన తాలు కాయ వేరే కుప్పగా ఉంది. కావలికి పడుకునేందుకు నులక మంచం ఒకటే, దాని మీద ఇప్పటికే ఐదుగురు. మంచినీళ్ల సీసాకి ఆనించిన సెల్‌ఫోన్. 2024 మార్చి 27, బుధవారం. ఐపీఎల్ ఫోన్‌లో ఉచితంగా వస్తోంది కాబట్టి కావలికి తోడెవరని వెతుక్కునే పని లేకపోయింది బాబాయ్‌కి.

బాబాయ్ అంటే కళ్లం ఆసామి. ఊళ్లో కుర్రాళ్లందరికీ బాబాయే, ఈ పూటకి మీకు కూడా. ఆయన పక్కన విజయవాడలో బీటెక్ చదివే కుర్రాడు. ఒళ్లో లాంగ్ నోట్‌బుక్, చెవి మీద పెన్ను.

ఉప్పల్‌లో టాస్ గెలిచిన ముంబై సన్‌రైజర్స్‌ని బ్యాటింగ్‌కి దింపింది. ఓపెనింగ్‌కి వచ్చినాయన బొద్దు మీసాలు చూసి, ఎవడ్రా ఈయన, అన్నాడు బాబాయ్.

"ట్రావిస్ హెడ్ బాబాయ్. మొన్న నవంబర్లో అహ్మదాబాద్‌లో మనల్ని ఏడిపించింది ఈయనే."

కళ్లం కాసేపు మూగబోయింది. ప్రపంచకప్ ఫైనల్లో ఆ 137 పరుగులు ఇంకా ఎవరికీ మానని పుండు.

రెండో ఓపెనర్ మయాంక్ అగర్వాల్ 13 బంతులాడి 11 కొట్టి ఔటయ్యాడు. స్కోరు 45. బాబాయ్ అయ్యో అన్నాడు. కుర్రాడు మాత్రం పెన్ను తీసి, పోతే పోనీ, అని రాసుకున్నాడు. నిజంగానే ఆ మాటే రాశాడు, పక్క నుంచి తొంగి చూడండి. అభిషేక్ శర్మ వచ్చాడు. ఆరు ఓవర్లయ్యేసరికి 81. హెడ్ యాభై కొట్టడానికి 18 బంతులు పట్టింది. ఆ చప్పట్లు ఆగకముందే అభిషేక్ 16 బంతుల్లో యాభై దాటేశాడు. పిల్లలు మంచం దిగి ఎగురుతున్నారు, ఫోన్ రెండుసార్లు పట్టా మీద పడింది. పది ఓవర్లకి 148. బుమ్రా చేతికి ఈ పది ఓవర్లలో ఒక్క ఓవరే ఇచ్చారు. తిట్టడానికి మనిషి కావాలంటే ముంబై కెప్టెన్ ఉన్నాడు, పిల్లలు ఆ పని చూసుకుంటున్నారు.

మీరు నోట్‌బుక్ వైపు చూడండి. అసలు ఆట అక్కడుంది.

పేజీకి రెండే గళ్లు. బంతులు, పరుగులు. అంతే. బాబాయ్ అడగనే అడిగాడు.

"సగటు రాయవేరా?"

"సగటుతో పనేంటి బాబాయ్? ఇరవై ఓవర్లంటే ఎన్ని బంతులు?"

"నూట ఇరవై."

"వికెట్లెన్ని?"

"పది."

"అంటే పన్నెండు బంతులకొక వికెట్ పారేసుకున్నా ఇరవై ఓవర్లూ ఆడొచ్చు. ఏది తక్కువుంది మన దగ్గర? బంతులా, వికెట్లా?"

బాబాయ్ జవాబు చెప్పలేదు. బీడీ వెలిగించుకోబోయి, కళ్లంలో ఉన్నానని గుర్తొచ్చి జేబులో పెట్టుకున్నాడు.

ఇందులో మర్మమేమీ లేదు, చిన్న భాగహారం. కానీ ఎంతకాలం పట్టిందో చూడండి మన ఆటకి దాన్ని ఒప్పుకోడానికి. ఐదు రోజుల టెస్టులో బంతులకి కొదవ లేదు, వికెట్లే పది. అక్కడ ఔటవకుండా నిలబడటమే ఆస్తి, బ్యాటింగ్ సగటే దాని కొలత. ఆ కొలత పట్టుకునే ఇరవై ఓవర్ల ఆటలోకి వచ్చేశారు పెద్దలు. వికెట్ కాపాడు, చివర్లో కొడదాం. ఇరవై ఓవర్లు అయిపోయేసరికి చాలా జట్లకి ఇంకా నాలుగైదు వికెట్లు చేతిలోనే ఉంటాయి. కోతలయ్యాక సాగర్ కాలవకి వదిలిన నీళ్లవి, ఎవరి చేనుకీ పనికిరావు.

కుర్రాడికి ఈ పిచ్చి కాలేజీ హాస్టల్లో పట్టుకుంది. క్రిక్‌షీట్ అని ఒక సైటుంది. ఐపీఎల్ మొదటి మ్యాచ్ నుంచి పడ్డ ప్రతి బంతీ అక్కడ ఉంది. ఎవరైనా దించుకోవచ్చు, రూపాయి అడగరు. అతను ఫోన్‌లో ఆ ఫైలు తెరిచి మీ ముందు పెట్టాడు. ఒక్కో బంతికి ఒక్కో వరస. ఏ ఇన్నింగ్స్, ఎన్నో ఓవర్లో ఎన్నో బంతి, ఎదుర్కొన్నవాడు, అవతలి చివర ఉన్నవాడు, వేసినవాడు, బ్యాట్ నుంచి వచ్చిన పరుగులు, ఎక్స్‌ట్రాలు, వైడా నోబాలా, ఔటైతే ఎలా ఔటయ్యాడు, ఎవడు ఔటయ్యాడు. వేలితో పైకి తోస్తే వరసలు అలా పోతూనే ఉంటాయి. చప్పట్లు లేవు, కామెంటరీ లేదు, ఎవడెంత పెద్ద పేరున్నవాడో కూడా తెలీదు ఆ వరసకి. పైన ఫిల్టర్ నొక్కి, మొదటి ఆరు ఓవర్లు మాత్రం ఉంచి, బ్యాటర్‌వారీగా పరుగుల్ని బంతులతో భాగించాడు. పెద్ద పేర్లు కొన్ని కిందికి జారాయి. ఎవరూ పట్టించుకోని పేర్లు కొన్ని పైకి తేలాయి.

"ఈ పని ఎక్సెల్‌లో పది నిమిషాలు బాబాయ్. కోట్లు పెట్టే వాళ్లు చెయ్యరా?"

చేస్తారు. అందుకే మిమ్మల్ని కాసేపు కళ్లం నుంచి లేపి దుబాయ్ తీసుకెళ్లాలి. 2023 డిసెంబర్ 19, కోకాకోలా అరీనా. ఏసీ చలి. పది బల్లలు, ప్రతి బల్ల మీదా ల్యాప్‌టాప్‌లు, కాగితాలు, కాఫీ కప్పులు. సుత్తి పట్టుకున్నది మల్లికా సాగర్. ఐపీఎల్ వేలం నడిపిన మొదటి మహిళ ఆమె. హైదరాబాద్ బల్ల దగ్గర కావ్య మారన్, మురళీధరన్, కొత్త కోచ్ డానియెల్ వెటోరి. ఆ బల్లకి అంతకు ముందు సీజన్ చేదు ఇంకా నోట్లో ఉంది. 14 మ్యాచ్‌ల్లో నాలుగే గెలిచి అట్టడుగున పదో స్థానం. 13.25 కోట్లు పోసి తెచ్చిన హ్యారీ బ్రూక్ 11 మ్యాచ్‌ల్లో 190 పరుగులు చేసి వెళ్లాడు. ఇప్పుడు పర్సులో 34 కోట్లు.

హెడ్ పేరు పిలిచారు. కనీస ధర 2 కోట్లు. చెన్నై పలక ఎత్తింది, హైదరాబాద్ ఎత్తింది, మళ్లీ చెన్నై. 6.80 కోట్ల దగ్గర చెన్నై తగ్గింది. ఆ తర్వాత కమిన్స్. అది బెంగళూరుతో పంతం, 20.50 కోట్ల దాకా పోయింది. హాల్లో గుసగుసలు, ఇంత పెడతారా అని. అదే రోజు స్టార్క్‌కి కోల్‌కతా 24.75 కోట్లు పెట్టేసరికి ఆ గుసగుసలు అటు మళ్లాయి. నన్నడిగితే ఆ రోజు హైదరాబాద్ చేసిన అసలు బేరం కమిన్స్ కాదు, హెడ్. అభిషేక్ అప్పటికే జట్టులో ఉన్నాడు. ఇద్దరూ ఎడమచేతి వాటం, ఇద్దరికీ ఔటవుతామన్న బెంగ లేదు. పైగా 2023 నుంచి ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చింది. పదకొండు మందికి తోడు ఇంకో బ్యాటర్ బెంచీ మీద సిద్ధంగా ఉంటాడు. అసలే చవకైన వికెట్ ఇంకా చవకైపోయింది. ఆ సంగతి ముందుగా లెక్కగట్టినవాడికి లాభం.

బేరమన్న మాట వచ్చింది కాబట్టి ఓక్లాండ్ సంగతి చెప్పాలి. ఈ కథంతా మొదలైంది బేస్‌బాల్‌లో. బిల్ జేమ్స్ అనే ఆయన అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఆహారం డబ్బాల్లో నింపే ఒక ఫ్యాక్టరీలో రాత్రి కాపలా కాస్తూ, పని లేని వేళల్లో బేస్‌బాల్ అంకెలు తిరగేశాడు. 1977లో సొంతంగా పుస్తకం వేసుకున్నాడు. కావలివాడి చేతిలో కాగితం పెన్ను, అంతే ఆయన పెట్టుబడి. పాతికేళ్ల తర్వాత ఓక్లాండ్ అథ్లెటిక్స్ జనరల్ మేనేజర్ బిల్లీ బీన్, పాల్ డిపొడెస్టా అనే హార్వర్డ్ కుర్రాడు ఆ దారి పట్టారు. వాళ్ల జట్టు జీతాల మొత్తం సుమారు 4 కోట్ల డాలర్లు, న్యూయార్క్ యాంకీస్‌ది 12 కోట్ల పైమాట. తమ దగ్గరి పెద్ద ఆటగాడు జేసన్ జియాంబీని ఏడేళ్లకి 12 కోట్ల డాలర్లిచ్చి యాంకీసే ఎగరేసుకుపోయింది. ఓక్లాండ్ వెళ్లి స్కాట్ హాటెబర్గ్ అనే మోచెయ్యి దెబ్బతిన్న క్యాచర్‌ని 9 లక్షల డాలర్లకి తెచ్చుకుంది. ఎందుకు? అతను ఊరికే ఔటవడు. పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేసేదాకా ఓపిక పట్టి, ఉచితంగా మొదటి బేస్‌కి నడుచుకుంటూ పోతాడు. చూసేవాళ్లకి అందులో మజా లేదు, అందుకే దానికి ధర లేదు. ఆ ఏడాది, 2002లో, ఓక్లాండ్ వరసగా 20 మ్యాచ్‌లు గెలిచింది. ఇరవయ్యోది హాటెబర్గ్ కొట్టిన హోమ్ రన్‌తోనే. సీజన్లో మొత్తం 103 విజయాలు, యాంకీస్‌వీ అన్నే. మైకేల్ లూయిస్ దీన్ని పుస్తకం చేశాడు, బ్రాడ్ పిట్ సినిమా చేశాడు. కుర్రాడు సినిమా చూశాడు. బాబాయ్ చూడలేదు.

"అదేందిరా," అన్నాడు బాబాయ్, మళ్లీ కళ్లంలో, కుర్రాడి నోట కథంతా విని. "వాళ్లు నిలబడేవాణ్ని తెచ్చుకుని గెలిచారంటున్నావు. మనవాళ్లు నిలబడనివాణ్ని తెచ్చుకుని గెలుస్తున్నారంటున్నావు. ఏది నిజం?"

ఈ ప్రశ్న అడిగినందుకే బాబాయ్ కాళ్లకి దణ్ణం పెట్టాలి. సినిమా చూసి వచ్చినవాళ్లలో చాలామందికి ఇది తట్టదు. బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి మూడు ఔట్లు, మొత్తం 27. బంతులకి హద్దు లేదు, ఔటవనంత సేపూ ఆడుతూనే ఉండొచ్చు. కరువు ఔట్లకి. టీ20లో కరువు బంతులకి. రెండు చోట్లా వేసిన ప్రశ్న ఒకటే, వచ్చిన జవాబులు తలకిందులు. ఓక్లాండ్ జవాబుని కాపీ కొట్టి ఇక్కడికి తెచ్చి ఉంటే ఈ రాత్రి ఓపెనింగ్‌కి హెడ్ దిగేవాడు కాదు, పదమూడు బంతులకి పదకొండు కొట్టేవాళ్లు ఇంకో ఇద్దరుండేవాళ్లు.

కుర్రాడు ఇదంతా చెప్పేలోపు హెడ్ 24 బంతుల్లో 62, అభిషేక్ 23 బంతుల్లో 63 కొట్టి వెళ్లిపోయారు. ఎవరూ అయ్యో అనలేదు ఈసారి, బాబాయ్‌తో సహా. 161కి మూడు. అప్పుడు వచ్చాడు క్లాసెన్. మార్‌క్రమ్, ఆయనా కలిసి మిగిలిన 54 బంతుల్లో 116 లాగేశారు. క్లాసెన్‌వి 34 బంతుల్లో 80. ముంబై తరఫున ఇదే మొదటి మ్యాచ్ ఆడుతున్న పదిహేడేళ్ల మఫాకా నాలుగు ఓవర్లకి 66 ఇచ్చుకున్నాడు. ఆ పిల్లాడి ముఖం దగ్గరగా చూపించినప్పుడు, పాపంరా, అని బాబాయ్ అన్న మాట ఆ రాత్రి మొత్తంలో నాకు బాగా నచ్చింది. 277కి మూడు. అప్పటిదాకా ఐపీఎల్‌లో అంత స్కోరు లేదు. 2013లో గేల్ 175 కొట్టిన రోజు బెంగళూరు చేసిన 263 పాత రికార్డు. ముంబై ఊరుకోలేదు, 246 దాకా వచ్చింది. మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ అవతలి జట్టులో ఉండి 34 బంతుల్లో 64 బాదాడు. రెండు జట్లూ కలిపి 523 పరుగులు, 38 సిక్సర్లు. తిలక్ సిక్స్ కొట్టినప్పుడు ఎగరాలా వద్దా అని పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

మ్యాచ్ అయిపోయింది. పిల్లల్ని ఇళ్లకి తోలేశారు. కుర్రాడు నోట్‌బుక్ వెనక పేజీలు తిప్పుతున్నాడు. అవి వినగడప పేజీలు.

ఊరి జట్టు ఆదివారాలు పక్క ఊళ్లతో టెన్నిస్ బంతితో పది ఓవర్ల పందెం మ్యాచ్‌లు ఆడుతుంది. జట్టుకున్నది ఒకటే మంచి బ్యాటు. కిందటి ఆదివారం అవతలివాళ్లు 71 కొట్టారు. మనవాళ్లు 64 దగ్గర ఆగిపోయారు, నలుగురే ఔటయ్యారు. బాబాయ్ కొడుకు ఓపెనింగ్ దిగి చివరిదాకా నాటౌట్. 31 బంతుల్లో 22. ఊళ్లో అందరూ వాణ్నే మెచ్చుకున్నారు, ఒక్కడే నిలబడ్డాడని. మిగతావాళ్లంతా కలిసి 29 బంతుల్లో 38, ఎక్స్‌ట్రాలు నాలుగు. ఆ వేగమే అరవై బంతులకీ సాగితే 78 అని పక్కన రాసి, గుండ్రంగా గీత గీశాడు కుర్రాడు. పది ఓవర్లకి పది వికెట్లు, ఓవర్‌కొకడు ఔటైనా ఆఖరి బంతి దాకా ఆడొచ్చని కింద ఇంకో వాక్యం.

బాబాయ్ ఫోన్ టార్చి వేసి ఆ పేజీ చదివాడు. కొడుకు పేరు చూశాడు. చాలా సేపు చూశాడు.

"మిగతావాళ్లు అంత కొట్టింది, వీడు అటు చివర నిలబడ్డాడన్న ధైర్యంతోనే కదరా?"

కుర్రాడు నోరు తెరిచి మూసుకున్నాడు. బాబాయ్ మాటలో పస ఉంది. ఆ 29 బంతుల వేగం అటు చివర నిలబడ్డవాడు లేకుండా కూడా ఉండేదా అన్నది ఆ పేజీ చెప్పలేదు. ఒకే ఒక్క మ్యాచ్ మీద గీసిన గీత అది. పెద్ద ఫైలులోని వేల బంతులు చెప్పే మాట వేరు, ఒక ఆదివారం చెప్పే మాట వేరు.

ఇక కళ్లం ఎత్తేశారు. కాయ గుంటూరు యార్డుకి పోయింది. మీరు రెండు నెలలు ముందుకు రండి. ఈ లోపు హైదరాబాద్ ఆ ఆట మానలేదు. ఏప్రిల్ 15న బెంగళూరులో 287, తమ రికార్డే తాము దాటారు. 20న ఢిల్లీ మీద మొదటి ఆరు ఓవర్లకే వికెట్ పోకుండా 125. మే 8న లక్నో ఇచ్చిన 166 పరుగుల లక్ష్యాన్ని 9.4 ఓవర్లలో, ఒక్క వికెట్టూ పోకుండా ఊదేశారు. మధ్యలో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి బయటపడ్డాడు. వేలంలో 20 లక్షలకి వచ్చినవాడు ఏప్రిల్ 9న పంజాబ్ మీద, పైవాళ్లు చకచకా ఔటైపోయిన వేళ, 37 బంతుల్లో 64 కొట్టాడు. ఆ మ్యాచ్ రెండే పరుగులతో గెలిచారు. ధరకీ విలువకీ మధ్య ఉన్న ఎడం చూడాలంటే హెడ్ కన్నా నితీశే మంచి ఉదాహరణ. తర్వాతి సీజన్‌కి అతన్ని అట్టిపెట్టుకోవడానికి అదే జట్టు 6 కోట్లు ఇచ్చింది.

మే 26, ఆదివారం, చెన్నైలో కోల్‌కతాతో ఫైనల్. ఈసారి మీరు బాబాయ్ ఇంటి అరుగు మీద ఉన్నారు. గంప నిండా బంగినపల్లి కాయలు, కింద తొక్కలు, తొక్కల మీద ఈగలు. పోలింగ్ అయి రెండు వారాలైంది, జూన్ 4కి ఫలితాలు. ఊళ్లో ప్రతి అరుగు మీదా బూత్‌ల వారీ లెక్కలే. బాబాయ్ దగ్గరా ఒక కాగితం ఉంది, ఏ బజారులో ఎన్ని ఓట్లు ఎటు పడ్డాయో. డేటా అంటే ఏంటని ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

హైదరాబాద్ కెప్టెన్ కమిన్స్ టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నాడు. మొదటి ఓవర్ స్టార్క్‌ది. ఐదో బంతి కాళ్ల వైపు పడి, బయటికి కోసుకుంటూ పోయి అభిషేక్ ఆఫ్‌స్టంప్ పైభాగాన్ని ముద్దాడింది. అరుగు మీద మామిడి టెంక చేతిలో ఉన్నవాడి చేతిలోనే ఉండిపోయింది. రెండో ఓవర్లో హెడ్ ఆడిన మొదటి బంతికే కీపర్‌కి క్యాచ్. ఆ తర్వాత నిలబడ్డవాడు లేడు. 18.3 ఓవర్లలో 113 ఆలౌట్, ఐపీఎల్ ఫైనల్స్‌లో అతి తక్కువ స్కోరు. అందరికన్నా ఎక్కువ కొట్టింది కమిన్స్, 24. కోల్‌కతా 10.3 ఓవర్లలో పని ముగించింది.

"ఏరా," అన్నాడు బాబాయ్, మెల్లగా. "నిలబడేవాడు ఒక్కడుంటే?"

మళ్లీ పది నెలలకి, 2025 మార్చి 30న విశాఖలో ఇదే స్టార్క్ ఢిల్లీ చొక్కా వేసుకొచ్చి 35 పరుగులకి ఐదు వికెట్లు తీసి వీళ్లని 163కి పడగొడతాడు. ఆ సీజన్ మొదటి మ్యాచ్‌లో 286 కొట్టిన జట్టు ఆరో స్థానంతో సరిపెట్టుకుంటుంది. ఫైలు అందరికీ ఉచితమే కదా, అవతలి బల్ల మీదా ల్యాప్‌టాప్ ఉంది. హెడ్‌కి ఎక్కడ వేయకూడదో వాళ్లూ చూసుకున్నారు. ఓక్లాండ్‌కీ ఇదే అయింది. 103 గెలిచిన ఆ ఏడాదే మొదటి నాకౌట్ రౌండ్‌లో ఐదు మ్యాచ్‌ల పోరులో మిన్నెసోటా చేతిలో ఓడి ఇంటికెళ్లారు. వాళ్ల సీజన్ 162 మ్యాచ్‌లు. అదృష్టం దురదృష్టం అన్నీ సర్దుకుని, లెక్క తేలడానికి అంత బారు కావాలి. మనది 14. ఫైనల్ ఒకటి. నా మటుకు నాకు ఆ 113 తప్పుడు ఆటేమీ కాదు. ఇలా ఆడితే కొన్ని రాత్రులు ఇలాగే ఉంటాయి. ఆ రాత్రి ఫైనల్ కావడమే వాళ్ల ఖర్మ.

కుర్రాడు ఇదంతా చెప్పలేదు. తల దించుకుని మామిడికాయ తింటున్నాడు. కాసేపాగి నోట్‌బుక్ తీశాడు. వచ్చే ఆదివారం మ్యాచ్‌కి జట్టు రాయడం ఈసారి అతనికి అప్పజెప్పారు. ఓపెనింగ్‌కి రెండు కొత్త పేర్లు రాశాడు. ఇద్దరూ కొడితే కొడతారు, లేకపోతే రెండో బంతికి ఔటవుతారు.

"మావాణ్ని ఎక్కడ దింపుతున్నావు?"

"ఎనిమిదో నంబర్ బాబాయ్. పైవాళ్లందరూ పోతే నిలబడటానికి పనికొస్తాడు."

"ఎనిమిదా?"

"విశాఖ కుర్రాడు చేశాడు కదా బాబాయ్, పంజాబ్ మీద. అలాగన్నమాట."

"ఆ కుర్రాడు నాలుగులో దిగాడు. నేనూ చూశాలే," అన్నాడు బాబాయ్. టెంక వీధిలోకి విసిరి, చేతులు కండువాకి తుడుచుకుని, అప్పుడు అడిగాడు. "సర్లేగానీ, మీరందరూ ఆడేది ఎవరి బ్యాటు?"

కుర్రాడు పెన్ను ఆపాడు.

"పోయినేడు కాయ అమ్మి కొనిపెట్టిన బ్యాటు. వాడు ఎనిమిదిలో దిగేదాకా అది కూడా ఇంట్లోనే ఉంటుంది మరి."

ఎనిమిదో నంబర్ దగ్గర ఉన్న పేరు కొట్టేసి, ఒకటో నంబర్ దగ్గర రాసుకున్నాడు కుర్రాడు.

"అయితే ఓపెనింగే బాబాయ్. కాకపోతే ఒక్క మాట చెప్పి పంపు. రెండో బంతి నుంచి గాల్లోకి లేపమను."